కష్టకాలమున ఎదుగు బిడ్డలు

పదునారవయేడు వచ్చిన కుమారుని మిత్రునివలె చూడవలెనని మన పెద్దలు చెప్పుచుండిరి. శాసనకర్తల లెక్క వేరు. పదునాలుగేండ్లు నిండువరకు నిర్బంధవిద్య, పదునెనిమిదింట వోటు, వివాహమునకు బాలికకు పదునెనిమిది, బాలునకు ఇరువదియొకటి. ఈ లెక్కలన్నియు అవసరమైనవే. కాని పంచాంగము చూచుకొని ఎవ్వడును పెద్దవాడు కాడు. అతనికి పదునాలుగేండ్లు వచ్చునాటికి ఇల్లు ఏ స్థితిలో నున్నది, ఆ యింట అతనికి ఏ పని అప్పగింపబడినది, తండ్రి ముఖమున అతడు దినదినమును ఏమి చూచెను అనువానినిబట్టి అతని పెద్దరికము ఏర్పడుచుండును. అనుభవజ్ఞులైన గృహస్థులకు ఈ మాట క్రొత్తది కాదు. దీనిని ఊహతో విడువక, ఏండ్లతరబడి వ్రాసియుంచిన లెక్కలనుండి నిరూపించిన అమెరికా సాంఘికశాస్త్రజ్ఞుడు గ్లెన్ ఎల్డర్. ఆయన పరిశోధనమును మన తల్లిదండ్రులును, మన ప్రభుత్వములును తెలిసికొనదగియున్నదని మేము తలంచుచున్నాము.

ఎల్డరు ఈ విషయమునకు వచ్చిన విధమే విచిత్రమైనది. కాలిఫోర్నియా రాష్ట్రములోని ఓక్లండు పట్టణమున 1920, 1921 సంవత్సరములలో జన్మించిన 167 మంది బాలబాలికలను అక్కడి విశ్వవిద్యాలయమువారు 1932 మొదలు పరిశీలింప నారంభించిరి. వారి యుద్దేశము పిల్లల శరీరమును, బుద్ధియు కౌమారమున ఎట్లు వికసించునో చూచుటమాత్రమే. కాని ఆ పిల్లలు ఎదుగుచున్న కాలమే లోకమునంతయు కుదిపివేసిన ఆర్థికమాంద్యకాలము. తల్లులతో సంభాషణలు, ఉపాధ్యాయుల అభిప్రాయములు, పిల్లల జవాబులు అన్నియు బీరువాలలో చేరినవి. 1962లో ఎల్డరు బర్క్లీకి పోయి ఆ కాగితములు చదువసాగెను. పిల్లల ఎత్తు బరువులకంటె వారి యిండ్ల రాబడి తారుమారగుటయే ఆయన కంటికి ముఖ్యముగా కనబడెను. పండ్రెండేండ్లకు, 1974లో, ‘మహామాంద్యకాలపు బిడ్డలు’ అను నర్థమిచ్చు పేరుతో ఆయన గ్రంథము వెలువడెను.

ఆనాటి స్థితిని కొంచెము స్మరింపవలెను. 1933 నాటికి అమెరికాలో పనిచేయువారిలో సుమారు నాలుగవవంతు నిరుద్యోగులు. ఓక్లండు కుటుంబముల రాబడి 1929 నుండి 1933 లోపల సగటున నూటికి 40 వంతున తగ్గెను. ఐతే వస్తువుల ధరలును సుమారు నాలుగవవంతు పడిపోయినవి గావున, కొంచెము నష్టపడినవారు నిజముగా చితికినవారు కారు. అందుచే ఎల్డరు రాబడిలో మూడవవంతునకు మించి పోగొట్టుకొన్న యిండ్లను ఒక వర్గముగను, అంతకంటె తక్కువ నష్టపడినవానిని మరియొక వర్గముగను విడదీసెను. మధ్యతరగతివారిని, కార్మికులను వేరువేరుగా చూచెను. పేదయింటిని ధనికుని యింటితో పోల్చుట ఆయన ఉద్దేశము కాదు. నిన్న ఒకే అంతస్తున నున్న రెండిండ్లలో ఒకటి పడిపోగా ఒకటి నిలిచినప్పుడు, ఆ రెండింటి పిల్లల భవిష్యత్తు ఎట్లు చీలినదని ఆయన ప్రశ్న.

చితికిన యింట మొదట మారినది పనుల పంపకము. కొనుటకు డబ్బు లేదు గావున కుట్టుపని, వంట, ఉతుకు, నిలువ పచ్చళ్లు అన్నియు ఇంటనే జరుగవలసివచ్చెను. ఆ భారము కూతుండ్రపై పడెను. కొడుకులు పత్రికలు పంచుటకు, దుకాణములలో పనిచేయుటకు బయటికి పోయిరి. తండ్రి సంపాదన పోగా తల్లిమాటకు విలువ పెరిగెను. ఇంటి నిర్ణయములు ఆమె చేతికి వచ్చెను. పిల్లల దృష్టిలో తండ్రి కొంత వెనుకబడెను. ఇవి యన్నియు ఏ శాసనమువలనను జరిగినవి కావు. రాబడి తగ్గిన యిల్లు తనంతట తాను సర్దుకొనిన విధమిది.

తరువాత ఫలిత మేమి? ఇచ్చటనే ఎల్డరు పరిశోధనము అందరి యూహలను తలక్రిందులు చేసెను. ఆ తరము పిరికిదై, వికలమనస్కమై, జీవితాంతము క్రుంగిపోవునని భయపడినవా రనేకులు. కాని మధ్యతరగతినుండి చితికిన యింటి కొడుకులు నడివయసునకు వచ్చునప్పటికి, నష్టపడని యింటి కొడుకులకు ఏమియు తీసిపోలేదు. పైగా తమకు ఏ వృత్తి కావలెనో ముందుగా నిశ్చయించుకొని, ఆ వృత్తిలో పైకి వచ్చిరి. కూలిపనులు చేసిన బాలురు డబ్బు విషయమున జాగ్రత్తగలవారనియు, చురుకైనవారనియు, స్వతంత్రులనియు వారిని చూచినవారు వ్రాసియుంచిరి. తమ్ము ఇల్లు నమ్ముకొనియున్నదని, తాము లేనిదే ఇంట ఏదో ఒకటి జరుగదని వారు తెలిసికొనిరి. ఆ తెలివియే వారిని పెద్దవారిని జేసెను.

ఇంతమాత్రముచేత కష్టము పిల్లలకు మంచిదని బోధించువారు బయలుదేరుదురు. ‘మేము లేమిలో పెరిగినాము, అందుచేతనే నిలిచినాము’ అని మీసము దువ్వు పెద్దలు ఏ గ్రామమునందైనను ఉందురు. నిలువలేక పోయినవారు ఆ సభలో కూర్చుండి మాటలాడరని మనము మరువరాదు. ఎల్డరు లెక్కలే దీనికి సాక్ష్యము. కార్మికుల యిండ్లలో చితికినవారి పిల్లలకు చదువు తగ్గెను. మధ్యతరగతి పిల్లలకు దక్కిన మేలు వారికి దక్కలేదు. ఆధారమున్న యింటికి కష్టము పరీక్ష. ఆధారము లేని యింటికి అదియే దెబ్బపై దెబ్బ. చితికిన యింటి కూతుండ్రు త్వరగా పెండ్లాడిరి. మధ్యతరగతి యిండ్లలో వారికి కళాశాల చదువు దూరమయ్యెను. అన్నదమ్ములకు బయటి లోకము తెరచిన అదే కష్టము అక్కచెల్లెండ్రను వంటయింటికి కట్టివేసెను.

వయస్సుయొక్క మాట మరింత గమనింపదగినది. ఓక్లండుకు ప్రక్కనున్న బర్క్లీ పట్టణమున 1928, 1929 సంవత్సరములలో పుట్టిన పిల్లలనుగూర్చి మరియొక పరిశీలనము జరిగియుండెను. ఎల్డరు వారిలో 214 మంది చరిత్రలనుగూడ పరిశీలించెను. మాంద్యము వచ్చునాటికి ఓక్లండు పిల్లలు తొమ్మిది పదియేండ్లవారు, ఇంటికి సాయపడగలవారు. బర్క్లీ పిల్లలు చంటిబిడ్డలు. ఇంటిపై ఆధారపడుట తప్ప వేరు గతి లేనివారు. అదే మాంద్యము, అదే రాష్ట్రము, ఇంచుమించు అదే ఊరు. ఐనను ఫలితము వేరు. బర్క్లీ బాలురు, ముఖ్యముగా చితికిన యిండ్లవారు, కౌమారమునకు వచ్చునప్పటికి ఆశ తక్కువవారై, తమయందు తమకు నమ్మకము లేనివారైరి. బాలికలు తల్లుల చెంతకు చేరి కొంత రక్షణ పొందిరి. ఏ కష్టమైనను ఎంతటిదని మాత్రమే అడిగిన చాలదు. అది ఏ యేట వచ్చినదని అడుగవలెను.

కష్టము పిల్లవానిని చేరు మార్గమును ఆయన మరింత సూక్ష్మముగా చూచెను. రాబడి తగ్గుట తిన్నగా పిల్లవానికి తగులదు. అది మొదట తండ్రికి తగులును. ఉద్యోగము పోయిన తండ్రి చిరాకుపడును, నిన్న నవ్విన తప్పునకు నేడు కొట్టును, భార్యతో కలహించును. ఆ నిలుకడలేని కోపమే పిల్లవానికి గాయము. స్వభావముచేతనే కోపిష్ఠియైన తండ్రి కష్టమున మరింత కోపిష్ఠి యయ్యెను. శాంతస్వభావుడు అదే నష్టమును భరించి బిడ్డలను కాపాడుకొనెను. తల్లి ప్రేమగలదైనచోట తండ్రి కోపముయొక్క వేడి పిల్లలకు కొంత తగ్గెను. ఇంటిలోని జీవితములు ఒకదానితో నొకటి ముడివడియున్నవని ఎల్డరు చెప్పిన సిద్ధాంతమునకు తాత్పర్యమిదియే. అప్పుపత్రముపై తండ్రి చేవ్రాలుమాత్రమే ఉండును. వడ్డీ కట్టువారిలో పదేండ్ల పిల్లవాడును చేరియుండును.

క్రుంగిన ఆ బాలురలో పలువురు తరువాత కోలుకొనిరి. ఎట్లు? ఓక్లండు పురుషులలో ఇంచుమించు పదింట తొమ్మండుగురు రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమున చేరిరి. చిన్నవారైన బర్క్లీ యువకులలోను అనేకులు తరువాతి యేండ్లలో చేరిరి. సైన్యము వారిని కలహపు కొంపనుండి వేరుచేసెను. ఆలోచించుకొనుటకు కొంత వ్యవధి నిచ్చెను. తిరిగివచ్చినవారికి 1944 నాటి శాసనము చదువుఖర్చు నిచ్చెను. ఆ శాసనముక్రింద సుమారు 22 లక్షలమంది కళాశాలలలో చేరిరి. యుద్ధమును మేము కొనియాడుట లేదు. చంపుటకు, చచ్చుటకు పంపి మనుష్యులను బాగుచేయు పద్ధతి ఏ దేశమునకును ఆదర్శము కానేరదు. కాని పదునెనిమిదేండ్లకు తలుపు మూసుకొనిపోయిన యువకునకు ఇరువది, ఇరువదియైదేండ్లకు రెండవ తలుపు తెరచినచో అతడు లోనికి రాగలడని ఆ చరిత్ర చెప్పుచున్నది.

ఓక్లండు పిల్లలు 167 మందియే. అందరును శ్వేతజాతీయులు, పట్టణవాసులు. ఇంత చిన్న గుంపునుండి లోకమునకంతకు సూత్రములు చెప్పవచ్చునా అని ఎవరైన అడిగిన, ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకు జవాబు వలెనే ఎల్డరు తన ఉత్తర వయస్సున పల్లెటూళ్లకు పోయెను. మా పాఠకులలో భూమి నమ్ముకొనియున్నవారికి ఈ రెండవ కథ మొదటిదానికంటె దగ్గరగా తోచును.

అమెరికాలో అయోవా అను రాష్ట్రము మొక్కజొన్నకు, పందుల పెంపకమునకు ప్రసిద్ధము. 1970 తరువాతి దశాబ్దమున అక్కడ భూముల ధరలు ఎగబ్రాకినవి. బ్యాంకులవారు పిలిచి అప్పు లిచ్చిరి. రైతులు భూమి కుదువపెట్టి భూమి కొనిరి. అంతలో వడ్డీలు పెరిగినవి, పంటల ధరలు పడిపోయినవి. 1981లో ఎకరము 2,147 డాలర్లున్న అయోవా భూమి 1986 నాటికి 787 డాలర్లకు దిగజారెను. తాతలనాటి పొలములు వేలమునకు వచ్చెను. ఇట్టి సంక్షోభముయొక్క వెన్నంటి, 1989లో, ర్యాండ్ కాంగరు అను పండితుడును ఎల్డరును ఆ రాష్ట్రపు ఉత్తర మధ్యభాగమున 451 కుటుంబములను పరిశీలించుటకు పూనుకొనిరి. ప్రతి యింటను ఏడవతరగతి చదువుచున్న ఒక పిల్లవానిని గాని పిల్లను గాని, తల్లిని, తండ్రిని, తోబుట్టువును కలిసికొనిరి. ఆ పిల్లలు పెద్దవారగువరకు విడువక చూచిరి.

ఓక్లండులో కనబడిన మార్గమే ఇచ్చటను స్పష్టముగా కనబడెను. అప్పు, నష్టము మొదట తల్లిదండ్రుల మనస్సును క్రుంగదీసెను. క్రుంగిన మనస్సు దాంపత్యమును చెరచెను. చెడిన దాంపత్యమునుండి పిల్లలకు కఠినవాక్యములు, దండనలు వచ్చెను. పిల్లలు చదువున వెనుకబడి దిగులుచెందిరి. కాని ఈ గొలుసు అన్ని యిండ్లలోను సాగలేదు. భూమితో సంబంధము విడువని కుటుంబములలో పిల్లలనేకులు చక్కగా చదివిరి, ఆత్మగౌరవముతో నిలిచిరి. దానికి కారణములను 2000 సంవత్సరమున వెలువడిన గ్రంథమున వారు వివరించిరి. ఆ యిండ్లలో తండ్రీకొడుకులు కలసి పనిచేసిరి. దూడకు మేత వేయుట పిల్లవాని వంతైనచో, అతడు మరచిననాడు దూడ పస్తుండును. ఆ సంగతి అతనికి తెలియును. తాత, అవ్వ సమీపముననుండి ఆదరించిరి. తల్లిదండ్రులు దేవాలయమునందు, పాఠశాలయందు, ఊరి కార్యములందు పాల్గొనుచుండిరి. తమ కష్టమును తామే మ్రింగుకొని తలుపు వేసికొని కూర్చున్న యిల్లు చెడెను. ఊరితో కలసియున్న యిల్లు నిలిచెను.

ఇవి విన్న తెలుగువాడు తన ఊరిని తలంచుకొనక మానడు. 1930 తరువాతి మాంద్యము మన మండలములనుగూడ విడువలేదు. ధాన్యము ధర పడిపోయి కృష్ణా గోదావరీ రైతులు శిస్తు కట్టలేక, వడ్డీ కట్టలేక తపించిరి. 1938లో మద్రాసు శాసనసభ రైతు ఋణోపశమన శాసనము చేయవలసివచ్చెను. అది జరిగి ఎనుబదియేండ్లు దాటినది. 2019లో భారతప్రభుత్వము జరిపిన సర్వేలో దేశమున సేద్యకుటుంబములలో సగము ఋణగ్రస్తములని తేలగా, ఆంధ్రప్రదేశమున నూటికి 93, తెలంగాణమున నూటికి 91 దాటినవి. దేశమంతటను తెలుగు రైతువలె అప్పులలో మునిగినవాడు లేడు. ఈ అంకెను బ్యాంకుల సమస్యగను, ఎన్నికల వాగ్దానముగను చర్చించుచున్నారు. ఎల్డరు చూపిన దృష్టితో చూచినచో ఇది బిడ్డల సమస్య. నూటికి తొంబది యిండ్లలో అప్పు తండ్రి గొంతున పలుకుచున్నదేమో అని మనము విచారింపవలసియున్నది.

ఇందుకు మన యిండ్లలో జరుగుచున్న దేమి? పొలము తాకట్టుపెట్టి కుమారుని పట్టణపు కళాశాల వసతిగృహమున చేర్పించుచున్నారు. అప్పుసంగతి అతనికి తెలియరాదనుచున్నారు. ‘నీవు చదువుకొనుము, తక్కినది మేము చూచుకొందుము’ అని తండ్రి చెప్పును. అది ప్రేమయే. కాని ఆ కుమారుడు పదునేడేండ్లకు వచ్చియు తన యింట ఒక్క పనికిని బాధ్యుడు కాడు. పరీక్షలో మార్కులు తెచ్చుట తప్ప అతనివలన ఇంటికి వేరు ప్రయోజనము లేదు. మార్కులు తగ్గినచో తానే వ్యర్థుడనని అతడు తలంచుటలో ఆశ్చర్యమేమి? దాచిన అప్పు దాగదు. సెలవులకు వచ్చిన కుర్రవాడు తల్లి మెడను చూచి గ్రహించును. చెప్పియుండినచో భాగస్వామి యగువాడు, చెప్పకపోవుటచే అపరాధి యగుచున్నాడు.

కావున పిల్లలను బడి మాన్పించి పొలమునకు పంపుమని మేము చెప్పుచున్నామని ఎవ్వరును భ్రమింపవలదు. ఓక్లండు బాలురు బడి విడువక సాయంత్రములందు పనిచేసిరి. బాలకార్మిక నిషేధశాసనమును 2016లో సవరించినప్పుడు మన పార్లమెంటు, పదునాలుగేండ్లలోపువారు బడి విడిచిన వేళలందును, సెలవులందును కుటుంబమునకు సాయపడవచ్చునని అనుమతించెను. సాయమునకును చాకిరికిని మధ్యనున్న గీటును ఆ శాసనము గృహస్థుని మనస్సాక్షికి విడిచిపెట్టినది. ఆ గీటును గుర్తించుటకు మేమొక కొలత చెప్పుదుము. పని పిల్లవాని చదువును హరింపరాదు. అతని వయస్సునకు మించరాదు. అతడు ఆ పనివలన ఇంటిలో మాటగలవా డగుచుండవలెను. మాట లేని పని చాకిరియే.

ఈ కొలతతో చూచినచో మన కూతుండ్రకు మనము చేయుచున్నది న్యాయము కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ‘యంగ్ లైవ్స్’ అను పేరుతో నాలుగు దేశములలో పిల్లల జీవితములను పరిశీలించుచు, మన దేశమున అందుకు అప్పటి ఆంధ్రప్రదేశమునే ఎన్నుకొనిరి. 2002 మొదలు సుమారు 3,000 మంది తెలుగునాటి పిల్లలను వారు వెంబడించిరి. పదునైదవయేట బడిలోనున్న బాలికకు బాల్యవివాహభయము తక్కువ. బడి విడిచినదానికి ఎక్కువ. వారి పరిశీలనమున నిలిచిన ఫలితములలో ఇది ముఖ్యము. ఇల్లు చితికిననాడు ముందుగా బడి మానవలసినది ఆడపిల్లయేనని మనము మాటలతో చెప్పము, చేతలతో చెప్పుచున్నాము. ఓక్లండు కూతుండ్రకు 1930లలో జరిగినదే నేడును మన పల్లెలలో జరుగుచుండుట మనకు గౌరవముకాదు.

ప్రభుత్వములు చేయవలసినది రెండు విధములు. మొదటిది, ఋణవిమోచనమును వాయిదాలు తప్పిన తరువాత కాక, ఇల్లు క్రుంగకముందే అందునట్లు చేయుట. అప్పుపడిన రైతునకు లెక్కలు చెప్పువాడు, ధైర్యము చెప్పువాడు గ్రామముననే దొరకునట్లు చూచుట. రెండవది, రెండవ తలుపు. చదువు నడుమ ఆగిపోయినవారికై 1982లో హైదరాబాదున స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి అంబేద్కరు విశ్వవిద్యాలయము, దేశమున ఇట్టివానిలో మొట్టమొదటిది. తెలుగువారు ఈ తలుపును అందరికంటె ముందు తెరచినవారు. దానిని రెండవరకము చదువుగా చూచు దురభ్యాసమును ఉద్యోగము లిచ్చువారును, తల్లిదండ్రులును విడువవలెను. ఇరువదియేండ్లకు పరీక్ష తప్పినవాడు ఇరువదియైదేండ్లకు మనుష్యుడై నిలువవచ్చునని నమ్మని సంఘము తన యువకులను తానే పారవేసుకొనుచున్నది.

గృహస్థులు చేయవలసినదానికి ఖర్చు లేదు. పదునాలుగేండ్ల కొడుకును, కూతురును కూర్చుండబెట్టి ఇంటి జమాఖర్చు చూపవలెను. ఎంత అప్పున్నది, ఎంత పంట వచ్చినది, ఈ యేడు ఏది మానుకొనవలెను అని వారిని అడుగవలెను. వారికి వయస్సునకు తగిన ఒక పని అప్పగించి, అది తప్పినచో ఇంటికి లోటు కలుగునట్లుండవలెను. చిన్నవారికి మాత్రము భారము తెలియకుండ కాపాడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, బ్యాంకునుండియో, మిల్లునుండియో అవమానపడి వచ్చిన తండ్రి గడపలో అడుగుపెట్టకముందు ఒక్కనిమిషము నిలువవలెను. లోపలనున్న పిల్లవాడు ఆ అప్పు చేయలేదు. కాని తండ్రి ఆ నిమిషమున నిలిచినాడా లేదా యనుటను అతడు నలుబదియేండ్లు జ్ఞాపకముంచుకొనును.